కుర్చీకే రెండు స్టార్లు ఇచ్చాను: రాజమండ్రి బరువు క్లినిక్ గురించి ఏడాది తర్వాత నా రివ్యూ

రేటింగ్ ముందే చెప్పేస్తానండి, 5కి 3.5. మిగతా ఒకటిన్నర ఎక్కడ కోశానో కిందకి వెళ్ళేకొద్దీ తెలుస్తుంది. ఆసుపత్రి పేరు మాత్రం రాయట్లేదు, అక్కడ పనిచేసే సిస్టర్ ఒకావిడ మా ఊరి కోడలు, పండక్కి వస్తే మా ఇంటి ముందు నుంచే నడవాలి, నేనేమో మంచీ చెడూ రెండూ రాసేస్తున్నా, పేరు లేకపోతేనే చెయ్యి బాగా ఆడుతుంది. రాజమండ్రిలో ప్రైవేటు ఆసుపత్రి, మూడో అంతస్తులో ఒబేసిటీ విభాగం, అంతవరకు తెలిస్తే చాలు.

నాది రాజోలు దగ్గర పల్లెటూరు, ఎరువుల కొట్టు ఉంది, 39 ఏళ్ళు, ఎత్తు 172 సెంటీమీటర్లు. బరువు ఎంతో చాలాకాలం నాకే తెలీదు, ఎందుకంటే ఇంట్లో బాత్రూం దగ్గర పెట్టుకునే మిషన్ 120 దాటితే అంకె చూపించడం మానేసి ఎర్రర్ అని చూపిస్తది. ఓ రాత్రి కొట్టు షట్టర్ దించేసి, లైటు కూడా వెయ్యకుండా ఫోన్ టార్చి పట్టుకుని బస్తాల కాటా మీద నిలబడ్డాను. 142. యూరియా బస్తా 45 కేజీలు కదండీ, అంటే మూడు బస్తాలు, పైన ఇంకో ఏడు కేజీలు. రోజూ హమాలీ ఒక బస్తా వీపు మీద వేసుకుని ఆటోలోకి ఎక్కిస్తుంటే పాపం అనుకునేవాణ్ణి.

ఏం చెయ్యకుండా కూర్చున్నానని మాత్రం అనుకోకండి. పాలకొల్లులో ఓ షేక్ క్లబ్బులో చేరాను, పొద్దున్నో గ్లాసు పొడి కలిపిన పాలు, రాత్రింకో గ్లాసు, నెలకి ఏడు వేలు. అయిదు నెలల్లో 18 కేజీలు తగ్గాను, వాళ్ళు నా ఫోటోతో ఫ్లెక్సీ కూడా కట్టారు. ఏడాదిన్నర తిరిగేసరికి 23 పెరిగాను, ఫ్లెక్సీ మాత్రం అలాగే ఉంది, కిందనుంచి నేను బండి మీద వెళ్తుంటే పైనుంచి సన్నటి నేను చూస్తూ ఉండేవాణ్ణి. తర్వాత కొబ్బరినూనె తాగే డైటు ఒకటి మన జిల్లాల్ని ఊపేసింది, కోనసీమలో కొబ్బరినూనెకి కొదవేముంది, అదీ అయ్యింది. తేనె నిమ్మకాయ, ఉలవల నీళ్ళు, కరెంటు బెల్టు, అన్నీ తిరిగాను. ప్రతిదానికీ తగ్గాను, ప్రతిసారీ తగ్గిందానికంటే ఎక్కువ వెనక్కి వచ్చింది.

అమలాపురంలో ఓ పెళ్ళిలో ప్లాస్టిక్ కుర్చీ నా కింద విరిగిపోయింది. దెబ్బేమీ తగల్లేదు, జనం కూడా నవ్వలేదు, నవ్వకుండా చూశారు, అది ఇంకా ఘోరం. అప్పట్నుంచి పెళ్ళిళ్ళలో బఫే దగ్గర నిలబడి తిని వచ్చేయడమే, కొత్త ఇంటికి వెళ్తే ముందు కుర్చీ కాళ్ళు చూసుకుని కూర్చోవడమే. మా బావ అయితే సఖినేటిపల్లి రేవులో గోదారి దాటే పడవ (పంటు) ఎక్కేటప్పుడు, "ఒరేయ్, నువ్వు ఆ పక్కకి పోయి నిలబడు, లేపోతే పంటు ఒరిగిపోద్దిరా" అని నలుగుర్లో అనేవాడు. గోదారోళ్ళ ఎటకారం తెలిసిందే కదా, నేనూ నవ్వేసేవాణ్ణి. కానీ ఓ మధ్యాహ్నం చించినాడ వంతెన మీద బండి నడుపుతుండగానే రెప్ప పడిపోయింది, లారీ హారన్ కొడితే లేచాను. కౌంటర్లో కూర్చుని కునుకు తీయడం, రాత్రి గురక మధ్యలో ఊపిరి ఆగి ఉలిక్కిపడి లేవడం, ఇవన్నీ ఒకే జబ్బని అప్పటికి తెలీదు. మా ఆవిడ ఆ రోజే అంది, "ఏవండీ, ఇంక పొడులూ కషాయాలూ వద్దు, సరైన డాక్టర్ దగ్గరికి పదండి" అని.

2024 దసరాలు వెళ్ళాక మొదటిసారి వెళ్ళాం. ఇక్కడ రివ్యూ అసలు మొదలవుతుంది.

లిఫ్ట్ దిగంగానే వెయిటింగ్ హాల్, అందులో కుర్చీలకి చేతుల్లేవు. ఇనప కాళ్ళు, వెడల్పాటి సీటు, సోఫా లాంటి బెంచీలు రెండు. ఇది మీకు విషయమే కాకపోవచ్చు, నాకు మాత్రం అక్కడే రెండు స్టార్లు పడిపోయాయి. చేతులున్న కుర్చీలో నాలాంటోడు కూర్చుంటే తొడలకి రెండువైపులా గాట్లు పడతాయి, లేచేటప్పుడు కుర్చీ కూడా మనతో పాటు లేస్తది. బరువు తూచే మిషన్ కూడా గోడవారన తెర వెనకాల ఉంది, 250 దాకా తూస్తదంట, చుట్టూ పట్టుకోడానికి కమ్మీ. సిస్టర్ అంకె చూసి కాగితం మీద రాసుకుంది, అంతే, నోటితో అనలేదు. ఇంతకు ముందు ఇంకో ఊళ్ళో ఓ ల్యాబులో కాంపౌండర్ "నూట నలభై రెండూ" అని చీటీ రాసేవాడికి వినబడేలా కేకేశాడు, హాలంతా తల తిప్పింది. ఆ తేడా డబ్బుతో వచ్చేది కాదండి.

తర్వాత బీపీ. మా ఊరి ఆర్‌ఎంపీ దగ్గర ఎప్పుడు చూసినా 160 పైనే వచ్చేది. ఇక్కడ సిస్టర్ ముందు టేపు పెట్టి నా జబ్బ కొలిచింది, తర్వాత డ్రాయర్లోంచి పెద్ద పట్టా తీసి కట్టింది, 142 వచ్చింది. లావు చేతికి మామూలు పట్టా కడితే బీపీ లేనిపోని ఎక్కువ చూపిస్తదంట, 2023లో అమెరికాలో దీని మీద పరీక్ష చేస్తే బాగా పెద్ద పట్టా కావాల్సినోళ్ళకి మామూలుది కట్టినప్పుడు దాదాపు 20 పాయింట్లు ఎక్కువ చూపించిందని డాక్టర్ గారు చెప్పారు. బీపీ ఉంది, లేదని కాదు, కానీ రెండు మాత్రల బీపీ కాదు. లావుగా ఉన్నవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే ఈ ఒక్క ముక్క పట్టుకెళ్ళండి, పెద్ద పట్టా ఉందా అని అడగండి, లేదంటే ఆ అంకెని అంతగా నమ్మకండి.

డాక్టర్ గారు నలభై నిమిషాలు కూర్చోబెట్టి అడిగారు. నోరు కట్టుకోమని అనలేదు, నేను అదే అంటారని రెడీగా వెళ్ళాను. చిన్నప్పుడు ఎలా ఉండేవాడివి, ఇంట్లో ఎవరెవరు లావు, ఎన్ని గంటలకి పడుకుంటావు, ఏ ఏ మందులు వాడావు, అన్నీ. మందుల చీటీలు అన్నీ చూసి రెండు పక్కన పెట్టారు. ఒకటి మోకాళ్ళ నొప్పికని ఆర్‌ఎంపీ ఇస్తున్న చిన్న తెల్ల మాత్ర, అది స్టీరాయిడ్ అంట, ఆకలీ పెంచుతుంది, ఒంటికి కొవ్వూ పట్టిస్తుంది, షుగరూ ఎక్కిస్తుంది. కానీ దాన్ని టక్కున ఆపకూడదని కొంచెం కొంచెం తగ్గిస్తూ మానిపించారు. రెండోది నా షుగర్ మాత్ర, ఇన్సులిన్ కూడా, కొన్ని షుగర్ మందులు బరువు పెంచుతాయంట, వాటిలో మార్చగలిగింది మార్చారు. ఏళ్ళ తరబడి ఒక చేత్తో బరువు పెంచే మందు మింగుతూ ఇంకో చేత్తో ఉలవల నీళ్ళు తాగానన్నమాట.

బీఎంఐ లెక్క కట్టారు, కేజీల్లో బరువుని మీటర్లలో ఎత్తుతో రెండుసార్లు భాగించడం, నాకు 48 వచ్చింది. ప్రపంచమంతటికీ 30 దాటితే ఒబేసిటీ, 40 దాటితే తీవ్రమైంది. మనోళ్ళకి మాత్రం 25 దగ్గరే గీత గీశారు, ఎందుకంటే మనకి తక్కువ బరువులోనే పొట్టలో కొవ్వు చేరి షుగర్ వస్తుంది. నడుము కొలత కూడా అంతే, మగాళ్ళకి 90 సెంటీమీటర్లు, ఆడోళ్ళకి 80 దాటితే జాగ్రత్త. నాది టేపు సరిపోక రెండో టేపు తెచ్చారు. తర్వాత జనవరిలో వెళ్ళినప్పుడు ఇంకో మాట చెప్పారు, లాన్సెట్ పత్రిక వేసిన కమిషన్ ఆ నెలలోనే చెప్పిందంట, ఉత్త బీఎంఐ చూసి జబ్బు అనకూడదు, ఆ కొవ్వు అవయవాల్ని ఏం చేస్తుందో చూడాలి అని. నాకు ఆ పరీక్ష అక్కర్లేదులెండి, షుగరు, లివరులో కొవ్వు, మోకాళ్ళు, రాత్రి ఊపిరాగడం అన్నీ సంతకం పెట్టేశాయి.

మరి తగ్గింది ఎందుకు తిరిగొస్తుంది సార్ అని అడిగాను. పదేళ్ళ నుంచి నన్ను తినేస్తున్న ప్రశ్న అదే. ఆయన చెప్పింది నాకర్థమైన పద్ధతిలో చెప్తాను. కొవ్వు కూడా ఒంట్లో మాట్లాడుతుంది, లెప్టిన్ అని ఒక హార్మోన్ వదిలి మెదడుకి నిల్వ ఎంతుందో కబురు పంపుతుంది, దాన్ని కనిపెట్టింది 1994లోనే. నువ్వు తిండి బాగా తగ్గించేసి కొవ్వు కరిగించేసరికి ఆ కబురు తగ్గిపోతుంది, మెదడు కరువొచ్చిందనుకుంటుంది, ఆకలి పెంచేస్తుంది, ఖర్చు తగ్గించేస్తుంది. అమెరికాలో టీవీలో బరువు తగ్గే పోటీలో పాల్గొన్న 14 మందిని ఆరేళ్ళ తర్వాత పరీక్షించి 2016లో రాశారంట, చాలామందికి బరువు తిరిగొచ్చేసింది, అయినా ఒళ్ళు మాత్రం ఉండాల్సిన దానికంటే రోజుకి దాదాపు 500 కేలరీలు తక్కువే ఖర్చు పెడుతోంది. ఆరేళ్ళైనా!

నాకు వెంటనే మా కాలవలు గుర్తొచ్చాయి. ఎండాకాలం ధవళేశ్వరం దగ్గర కాలవలు కట్టేస్తారని తెలిస్తే మనం ఏం చేస్తాం, ముందే ఊరి మంచినీళ్ళ చెరువు నిండా నింపేసుకుంటాం, తర్వాత బిందెలు లెక్కపెట్టుకుని వాడతాం. ఒకసారి చెరువు ఎండిపోయిన ఊరైతే మరుసటేడు గట్టు ఇంకో అడుగు పెంచి మరీ నింపుతుంది. నా ఒళ్ళు ఆ ఊరు. ప్రతి డైటూ దానికి ఒక కాలవ కట్టివేత. ఈ మాట చెప్తే డాక్టర్ గారు నవ్వి, నేను వేరే పేషెంట్లకి వాడుకుంటాను అన్నారు, వాడుకోండి అన్నాను.

ఇంక దారులు. అప్పటికి ఆ కొత్త ఇంజెక్షన్లు మన దేశంలో బరువు తగ్గడం కోసం అమ్మకానికి రాలేదు. మౌంజారో 2025 మార్చిలో వచ్చింది, వెగోవీ జూన్లో వచ్చింది, రెండూ వారానికోసారి పొట్టకో తొడకో పొడుచుకునేవి. నా ఆపరేషన్ ఫిబ్రవరిలో అయిపోయింది, నెల తిరక్కుండా ఇంజెక్షన్ వచ్చేసరికి మా బావ ఫోన్ చేసి "కంగారుపడి కడుపు కోయించేసుకున్నావు కదరా" అన్నాడు. డాక్టర్ని అడిగాను. పరీక్షల్లో వెగోవీలో ఉండే మందుతో సగటున నూటికి 15 వంతులు, మౌంజారో మందు పెద్ద డోసుతో 20 వంతుల దాకా బరువు తగ్గింది, మంచి మందులే, కానీ ఆపేస్తే చాలావరకు తిరిగొస్తుంది, అంటే బీపీ మాత్ర లాగా వాడుతూ ఉండాల్సిందే, నీ 48కీ నీ షుగర్‌కీ నేను ఇప్పుడైనా ఆపరేషనే చెప్తాను అన్నారు. భీమవరంలో మా పిన్ని కొడుకు ఇంజెక్షన్ మీదున్నాడు, 104 నుంచి 91కి వచ్చాడు, మొదట్లో వాంతులు వచ్చినట్టుండి రొయ్యల వేపుడు వాసన పడేది కాదంట, భీమవరంలో ఉంటూ అదేం శిక్షో. వాడికి అది బానే ఉంది, నాకు ఇది బానే ఉంది, ఒకడి చెప్పు ఇంకోడికి సరిపడదు.

ఆపరేషన్లో రెండు రకాలు చెప్పారు. స్లీవ్ అంటే పొట్టలో ముప్పాతిక భాగం పైనే కోసి తీసేసి అరటికాయంత గొట్టం ఉంచుతారు, ఆకలి హార్మోన్ గ్రెలిన్ ఎక్కువ పుట్టే చోటు కూడా అందులోనే పోతుంది. బైపాస్ అంటే పైన చిన్న సంచీ అంత పొట్ట ఉంచి పేగుని తెచ్చి దానికి కలుపుతారు. నాకు గుండెల్లో మంట ఎక్కువ, స్లీవ్‌తో అది ముదిరే అవకాశం ఉంది, షుగర్ కూడా ఉంది, అందుకని బైపాస్ అన్నారు. కుట్లు లీకవడం, కాళ్ళల్లో రక్తం గడ్డకట్టడం, ప్రాణం మీదకి రావడం అరుదే గానీ సున్నా కాదని కూడా చెప్పారు, కాగితం చదివించి మా ఆవిడ ముందు రెండుసార్లు అడిగారు. దానికి ఒక అర స్టార్ వేసుకోండి.

మా అమ్మకి చెప్పినప్పుడు మాత్రం ఇల్లు దద్దరిల్లింది. "అన్నం ఎక్కువైందని కడుపు కోయించుకుంటారేంట్రా ఎవరన్నా, నేను తక్కువ వడ్డిత్తాను" అంది. నిజంగానే వారం రోజులు తక్కువ వడ్డించింది, తర్వాత ఓ ఆదివారం కొరమీను దొరికిందని ఆవిడే రెండోసారి అన్నం పెట్టింది. నేను ఏమీ అనలేదు.

ఆపరేషన్‌కి ముందు మూడు నెలలు తిప్పారు, అది మంచికే. నిద్ర పరీక్షలో గంటకి 58 సార్లు ఊపిరి ఆగడమో మందగించడమో జరుగుతోందని తేలింది, 30 దాటితేనే తీవ్రమంట. సీపాప్ మిషన్ ఇచ్చారు, నిద్రలో ఊపిరి ఆగకుండా గాలి ఊదేది, ముక్కుకి మాస్కు కట్టుకుని పడుకోవాలి, మొదటిరోజు మా చిన్నది చూసి ఏనుగులా ఉన్నావు నాన్నా అంది, తొండం ఉంది కదా మరి. కానీ నాలుగు రోజులకి పొద్దున్నే తల బరువు లేకుండా లేచాను, ఎన్నేళ్ళకో. ఎండోస్కోపీ, మానసిక నిపుణురాలితో ఓ గంట మాటలు, గుండె పరీక్ష, అన్నీ అయ్యాయి. కనుమ వెళ్ళాక రెండు వారాలు ఉత్త ద్రవాల మీద ఉంచారు, లివర్లో కొవ్వు తగ్గి అది చిన్నదైతే లోపల కెమెరాకి చోటు దొరుకుతుందంట. ఆ పద్నాలుగు రోజులు కొట్లో కూర్చుని మజ్జిగ తాగుతూ పక్క హోటల్ పెసరట్టు వాసన భరించాను.

ఇప్పుడు డైటు కాగితం గురించి చెప్పాలి, ఇక్కడ అర స్టార్ పోయింది. అచ్చు వేసిన రంగుల కాగితం, మొత్తం ఇంగ్లీషులో, అందులో ఓట్సు, కినోవా, బ్రకోలీ, అవకాడో, గ్రీకు పెరుగు. రాజోలు సంతలో అవకాడో అడిగితే నన్ను చూసి ఏ ఊరండీ మీది అంటారు. వాళ్ళకి చుట్టూ గోదారి ఉందన్న సంగతే ఆ కాగితంలో లేదు. డైటీషియన్ అమ్మాయి మాత్రం బంగారం, అమలాపురం పిల్ల, ఆ కాగితం పక్కన పెట్టి వెనకాల పెన్నుతో రాసిచ్చింది. కొరమీను పులుసులో ముక్కలు, పులుసు కాదు. గుడ్డు. పెసరపప్పు మెత్తగా. పెరుగు గట్టిది. రోజుకి 60 గ్రాముల మాంసకృత్తులు తక్కువ కాకూడదు, ముందు అవి తిని, తర్వాత కూర, చోటుంటే ఆఖర్న అన్నం. మనం పుట్టినప్పటి నుంచి చేసేదానికి సరిగ్గా తలకిందులు. తింటూ నీళ్ళు తాగకూడదు, అరగంట ఎడం ఉండాలి. గరిటెడు అన్నానికి ఇరవై నిమిషాలు పట్టాలి అంది, మేం బంతి భోజనంలో ఇరవై నిమిషాల్లో పప్పు నుంచి పెరుగు దాకా వెళ్ళి ఆకు మడిచేస్తాం తల్లీ అన్నాను.

ఆపరేషన్ గురించి నాకు గుర్తుంది తక్కువ. అయిదు చిన్న గాట్లు, సాయంత్రానికల్లా లేపి నడిపించారు, గడ్డలు కట్టకుండా ఇంజెక్షన్లు, కాళ్ళకి బిగుతు సాక్సులు. మూడో రోజు ఇంటికి. ఆశ్చర్యం ఏంటంటే బరువు ఇంకా అలాగే ఉండగానే షుగర్ దిగిపోయింది, ఇన్సులిన్ వారం లోపే ఆపేశారు, బైపాస్‌లో పేగు దారి మారేసరికి హార్మోన్లు మారతాయంట. గౌను మాత్రం నాకు పట్టలేదు, స్కానింగ్ బ్లాకులో వీల్‌చైర్ నాకు ఇరుకై వార్డ్‌బాయ్ "కొంచెం సర్దుకోండి" అన్నాడు. మూడో అంతస్తులో కుర్చీల గురించి అంత ఆలోచించినోళ్ళు కింద అంతస్తులో ఆలోచించలేదు. లుంగీ తీసుకెళ్ళండి, నేను లుంగీతోనే నెట్టుకొచ్చాను.

తర్వాత నెలలు. మొదట నీళ్ళలాంటివి, తర్వాత చిక్కటివి, తర్వాత మెత్తనివి, నెలన్నర దాటాక మామూలు తిండి, అది కూడా చిన్న గిన్నెడు. నాలుగో నెలలో దువ్వెన నిండా జుట్టు వచ్చింది, భయపడ్డాను, త్వరగా తగ్గినప్పుడు రాలుతుంది, మళ్ళీ వస్తుంది అన్నారు, వచ్చింది. పిత్తాశయంలో రాళ్ళు రాకుండా కూడా ఆర్నెల్లు మాత్ర ఇచ్చారు, అది కూడా త్వరగా తగ్గడం వల్లే వస్తుందంట.

పూతరేకు కథ చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. ఈ సంక్రాంతికి మా చెల్లి ఆత్రేయపురం నుంచి పూతరేకులు తెచ్చింది, బావ ఎదురుగా కూర్చుని "ఒక్కటే కదరా, కాగితం లాంటిది, గాలి తిన్నట్టే" అన్నాడు. పదకొండు నెలలు ఆగినోణ్ణి, ఒక్కటి తిన్నాను, ఇంకో సగం. పదిహేను నిమిషాలకి గుండె దడదడ, ఒళ్ళంతా చెమట, కళ్ళు తిరిగి అరుగు మీద పడుకున్నాను. ఇంట్లో గుండెపోటనుకుని కారు తీశారు. సిస్టర్‌కి ఫోన్ చేస్తే నవ్వుతూ చెప్పింది, డంపింగ్ అంటారు అన్నయ్యా, పంచదార ఒక్కసారి పేగులోకి దిగిపోతే అలాగే అవుద్ది, పడుకో, గంటలో తగ్గిద్ది అని. తగ్గింది. బావ మొహం చూడాల్సింది. అప్పట్నుంచి ఆయన నాకు తీపి పెట్టడం మానేశాడు, ఇన్సూరెన్స్ కంటే గట్టి గ్యారంటీ.

బైపాస్ చేయించుకున్నవాళ్ళు పల్లెటూళ్ళలో గుర్తుపెట్టుకోవాల్సింది ఒకటుంది. నొప్పి అనగానే ఆర్‌ఎంపీ డైక్లోఫెనాక్ ఇంజెక్షనో మాత్రో ఇస్తాడు కదా, అవి మనకి పడవు, పొట్టకి పేగు కలిపిన చోట పుండు పడి రక్తం కారవచ్చు. నేను అది పెద్ద అక్షరాలతో రాసి ఫోన్ కవర్లో పెట్టుకున్నాను. మందు సంగతి కూడా అంతే, రెండు పెగ్గులు నాలుగులా ఎక్కుతాయి, త్వరగా అలవాటు ముదురుతుంది కూడా. బీ12, ఐరన్, కాల్షియం, విటమిన్ డీ బతికున్నంత కాలం వేసుకోవాలి, పేగు దారి మారింది కాబట్టి తిండిలోంచి సరిగ్గా దిగవు.

ఇన్సూరెన్స్. బిల్లు మొత్తం 4 లక్షల 20 వేలు అయ్యింది. మొదట కంపెనీ వాళ్ళు ఇది అందం కోసం చేయించుకునేది, రాదు అని తిప్పి పంపారు. ఆసుపత్రి ఇన్సూరెన్స్ డెస్కులో కుర్రాడు గట్టోడు, పాలసీ కాగితంలోనే చూపించాడు, ఐఆర్‌డీఏఐ, అంటే ఇన్సూరెన్స్ కంపెనీల్ని అదుపు చేసే సర్కారు సంస్థ, పెట్టిన షరతు ప్రకారం డాక్టర్ సలహా ఉండి, 18 ఏళ్ళు నిండి, బీఎంఐ 40 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే, లేదంటే 35 ఉండి తీవ్రమైన స్లీప్ ఆప్నియా (నాకున్న, నిద్రలో ఊపిరాగే జబ్బు), అదుపులో లేని షుగర్, గుండె జబ్బు లాంటివి ఉండి మామూలు పద్ధతులకి తగ్గకపోతే ఆ మినహాయింపు వర్తించదు. పాత షేక్ క్లబ్బు రసీదులు కూడా జత చేశాం, మామూలు పద్ధతులు ఫెయిలయ్యాయనడానికి, ఆ 7 వేలు అలా పనికొచ్చాయి. 3 లక్షల 15 వేలు వచ్చింది. ఆ కుర్రాడికి అర స్టార్.

పోయిన స్టార్ల లెక్క. డైటు కాగితం, చెప్పాను. రెండోది, మందుల షాపులో వాళ్ళ ప్రొటీన్ పొడే కొనాలన్నట్టు మాట్లాడారు, అదే రకం డబ్బా బయట 600 తక్కువకి దొరికింది. మూడోది, ఆరో నెల్లో నా ఫోటో అడిగారు, ముందూ తర్వాతా అని గోడ మీద వేస్తారంట. నాకు ఒక ఫ్లెక్సీ చాలండి బాబూ, వద్దన్నాను, రెండుసార్లు వద్దన్నాక కూడా మూడోసారి మార్కెటింగ్ నుంచి ఫోన్. నాలుగోది అన్నిటికంటే పెద్దది. ఆపరేషన్ దాకా వారానికి మూడు ఫోన్లు చేసినోళ్ళు ఏడో నెల దాటాక మర్చిపోయారు. అమలాపురం అమ్మాయి మానేసింది, ఆ నంబరు ఎవరూ ఎత్తరు. తొమ్మిదో నెల్లో చెయ్యాల్సిన బీ12 పరీక్ష నేనే గుర్తుచేశాను. ఇది ఒకసారి కోసి పంపే జబ్బు కాదని నలభై నిమిషాలు నాకు చెప్పిందే వాళ్ళు కదా.

ఇప్పుడు 97. అంటే సరిగ్గా ఒక యూరియా బస్తా దించేశాను, ఇంకా రెండు బస్తాలూ ఏడు కేజీలూ ఉన్నాను. బీఎంఐ 33 దగ్గర, కాగితం ప్రకారం ఇంకా లావే, మా అమ్మ ప్రకారం పీనుగులా అయిపోయాను. ఒక్క షుగర్ మాత్ర మిగిలింది, సీపాప్ తీసేద్దామా వద్దా అని మళ్ళీ నిద్ర పరీక్ష పెట్టారు. గత రెండు నెలలుగా కాటా కదలట్లేదు, అది మామూలే అన్నారు, కొంచెం పెరగడం కూడా మామూలేనంట.

వెళ్ళేవాళ్ళకి రెండు ముక్కలు. సోమవారం వెళ్ళకండి, హాలు నిండిపోయి ఆ మంచి బెంచీలు దొరకవు, బుధవారం ఖాళీగా ఉంటది. రావులపాలెం మీదుగా పొద్దున్నే ఆరింటికి బయల్దేరితే తొమ్మిది లోపు టోకెన్ పడుద్ది. పాత మందుల చీటీలు అన్నీ, ఆర్‌ఎంపీ ఇచ్చిన చీటీ లేని మాత్రలతో సహా, సంచీలో వేసుకెళ్ళండి. క్యాంటీన్లో ఇడ్లీ పర్లేదు, చట్నీ నీళ్ళు. వచ్చే నెల నాకు మళ్ళీ రక్త పరీక్షలున్నాయి, డైటీషియన్‌గా కొత్తావిడ చేరిందంట, ఫోన్ ఎత్తితే అర స్టార్ తిరిగిచ్చేసి ఇక్కడే మార్చి రాస్తాను.